"జ్వరం తగ్గాక ఆపరేషన్ చేయిద్దాం" అనకండి: గుండె వాల్వ్‌కి చీము పట్టినప్పుడు (పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు)

ఈ శీర్షికకి మామూలుగా బీపీ గురించో స్టెంట్ల గురించో ఉత్తరాలు వస్తుంటాయి, ఈ నెల మాత్రం ఒకే జబ్బు మీద నాలుగు వచ్చాయి, వాల్వ్ మార్పించుకున్న ఒకమ్మాయి నుంచి ఇంకొకటి. ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి వాల్వ్‌కి సూక్ష్మజీవులు పట్టడం, అందులోనూ అయోర్టిక్ వాల్వ్‌కి. ఇరవై ఏళ్ళకి పైగా ఈ ఆపరేషన్లు చేస్తున్నాను, నా దగ్గరికి ఆలస్యంగా వచ్చిన వాళ్ళ ముఖాలు చాలా గుర్తున్నాయి, అందుకే పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా వారికి 42 ఏళ్ళు. చిన్నప్పుడే ఎవరో డాక్టర్ గుండెలో శబ్దం ఉందన్నారు, వాల్వ్‌కి మూడు రెక్కలుండాల్సిన చోట రెండే ఉన్నాయంట, ఏం ఇబ్బంది లేదు కదా అని వదిలేశాం. ఐదు వారాల నుంచి సాయంత్రమైతే చలి జ్వరం. ఊళ్ళో టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు చేశారు, చేసిన నాలుగు రోజులు తగ్గుద్ది, మానేస్తే మళ్ళీ వస్తది. ఆయాసం మొదలయ్యాక గుంటూరు తీసుకొచ్చాం. ఎకోలో వాల్వ్ మీద 14 మిల్లీమీటర్ల గడ్డ లాంటిది ఉందన్నారు, గొంతులోంచి చేసిన ఎకోలో వాల్వ్ పక్కన చీము కూడా ఉందన్నారు. ఈసీజీలో పీఆర్ అంట, వచ్చిన రోజు 160 ఉంది, నాలుగో రోజుకి 240 అయింది, రెండు రోజుల్లో ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మా మామయ్యగారేమో ఒంట్లో ఇంత జ్వరం పెట్టుకుని గుండె కోస్తారా, ముందు జ్వరం తగ్గనీండి అంటున్నారు. ఆపరేషన్‌లో ఏం చేస్తారని మా పెద్దబ్బాయి అడుగుతున్నాడు, ఖర్చు తలుచుకుంటే భయమేస్తోంది. నాకేం పాలుపోవట్లేదు.

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూసిన రాత్రే మీకు రిప్లై పెట్టాను, ఆపరేషన్‌కి వెంటనే ఒప్పుకోండి అని. ఇప్పుడు రాసేది మీ మామయ్యగారిలా ఆలోచించే మిగతా పెద్దవాళ్ళ కోసం. ఆయన అనడంలో తప్పు లేదు, జ్వరం ఉన్నప్పుడు కోత పెట్టకూడదనేది మనందరం చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. కానీ ఆ పెద్దాయనకే తెలిసిన ఇంకో మాట ఉంది, కాలి మీద సెగ్గడ్డ లేచి చీము పట్టిందనుకోండి, మాత్రలేస్తూ కూర్చుంటారా, కోసి చీము తీయించేస్తారు కదా. ఇక్కడ జరిగింది అదే, కాకపోతే గడ్డ గుండె లోపల ఉంది.

కాస్త వివరంగా చెప్తాను. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం వెళ్ళే పెద్ద నాళం మొదట్లో ఉండే తలుపే అయోర్టిక్ వాల్వ్. మామూలుగా మూడు రెక్కలు. నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే రెండుంటాయి, వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు, కానీ రక్తం అక్కడ సాఫీగా పోకుండా సుడులు తిరిగి రెక్కల మీద పైపొర గీసుకుపోతుంది, పళ్ళ చిగుళ్ళ నుంచో చర్మం మీది పుండు నుంచో రక్తంలోకొచ్చిన బాక్టీరియా సరిగ్గా ఆ గీసుకుపోయిన చోటే దిగుతుంది. దిగాక తన మీద రక్తం గడ్డకట్టించి దుప్పటిలా కప్పుకుంటుంది. దాన్నే మేం వెజిటేషన్ అంటాం. వాల్వ్ రెక్కల్లోకి రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి మందు బయట నుంచి నానుతూ లోపలికి వెళ్ళాల్సిందే, అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ఇంజెక్షన్లు. రెక్కల మీద ఉన్నంతవరకు మందుతో గెలిచే అవకాశం బాగానే ఉంటుంది. అది రెక్క దాటి వాల్వ్‌ని పట్టుకుని ఉన్న చుట్టు గట్టులోకి తొలుచుకుని చీము సంచి కట్టిందంటే లెక్క మారిపోతుంది, ఆ సంచిలోకి చాలినంత మందు చేరదు. అయోర్టిక్ వాల్వ్ ఇన్ఫెక్షన్లలో నూటికి పది నుంచి నలభై మందికి ఇలా జరుగుతుంది, అంటే అరుదేం కాదు.

ఇక పీఆర్ సంగతి, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన లైన్ అదే. గుండె పైగదుల నుంచి కిందగదులకి కరెంటు తీసుకెళ్ళే తీగ లాంటి కండ అయోర్టిక్ వాల్వ్ గట్టుకి ఆనుకునే వెళ్తుంది, గోడ పక్కనుంచి వైరు వెళ్ళినట్టు. చీము ఆ గోడని తింటూ వైరు దాకా వస్తే కరెంటు ఆలస్యంగా దిగుతుంది, ఈసీజీలో పీఆర్, అంటే ఆ కరెంటు పైనుంచి కిందికి దిగడానికి పట్టే సమయం, పెరుగుతుంది. 200 మిల్లీసెకన్ల లోపు మామూలు. నాలుగు రోజుల్లో 160 నుంచి 240 కి వెళ్ళిందంటే చీము కదులుతోందని అర్థం, మర్నాటికి కరెంటు పూర్తిగా తెగి గుండె నిమిషానికి ముప్పై సార్లు కొట్టుకునే స్థితి రావచ్చు. అయోర్టిక్ వాల్వ్ ఇన్ఫెక్షన్ ఉన్న పేషంట్‌కి రోజూ ఈసీజీ తీయించమనేది అందుకే, ఖర్చు చాలా తక్కువ, మీ వాళ్ళకి ఎవరికైనా తియ్యకపోతే అడిగి తీయించండి. మీ డాక్టర్లు దాన్ని పట్టుకున్నారంటే వాళ్ళు శ్రద్ధగా చూస్తున్నారన్నమాట, వాళ్ళ మాట వినండి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారని మీ పెద్దబ్బాయి అడిగాడన్నారు. ఛాతీ ఎముక మధ్యలో తెరిచి, రక్తాన్ని మెషిన్ మీదికి మళ్ళించి, గుండెని ఆపి, పెద్ద నాళాన్ని వాల్వ్‌కి కొంచెం పైన కోస్తాం. లోపల కనిపించేది నేను ఎన్నిసార్లు చూసినా అలవాటు కాదు. రెక్కల మీద నానిన సగ్గుబియ్యం ముద్దలా పసుపు బూడిద రంగులో వేలాడుతూ ఉంటుంది, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది, దాని కింద చిటికెన వేలి కొన పట్టేంత గుంత, అందులో చీము. రెక్కలు తీసేయడం తేలిక. కష్టమంతా ఆ తర్వాతే. చీము పట్టిన కండలో సూది దించి లాగితే దారం నిలవదు, తడిసిన అట్టముక్కని కుట్టినట్టు కోసుకుంటూ వచ్చేస్తుంది. అందుకని గట్టి కండ తగిలేదాకా చెడిపోయిందంతా తీసేయాలి, ఎంత పెద్ద గుంత మిగిలినా సరే. ఇక్కడ జాలి పడి కొంచెం వదిలేసిన సర్జన్‌కి మూడు నెలల తర్వాత అదే పేషంట్ కొత్త వాల్వ్ ఊడి వస్తాడు. తీసేశాక ఆ గుంతని గుండె చుట్టూ ఉండే పొర ముక్కతో, పేషంట్‌ది గానీ ఆవు గుండె పొరతో తయారు చేసింది గానీ, మాసిక వేసినట్టు కప్పుతాం, చేతి తొడుగులు, పరికరాలు మార్చేసి కొత్త వాల్వ్‌ని ఆ కొత్త గట్టు మీద కుడతాం. తీసిన ముక్కలు ల్యాబ్‌కి వెళ్ళాలి, ఏ క్రిమి అన్నది ఒక్కోసారి అక్కడే తేలుతుంది. (ఆవు పొర, పంది వాల్వ్ అంటే కొన్ని కుటుంబాల్లో ఇబ్బంది పడతారు, ఆపరేషన్‌కి ముందే అడగండి, చెప్పండి, మా వాళ్ళెవరూ తప్పుగా అనుకోరు.)

రిస్క్ దాచను. ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరిన వందమందిలో పదిహేను నుంచి ముప్పై మంది వరకు పోతున్నారు, చీము పట్టిన వాళ్ళలో ఆపరేషన్ కూడా బరువైనదే. కానీ చీము ఉండి ఆపరేషన్ వద్దనుకున్న వాళ్ళలో బయటపడేవాళ్ళు చాలా తక్కువ. జ్వరం తగ్గేదాకా ఆగుదాం అంటే ఆ జ్వరం తగ్గదు, గడ్డ లోపలుండగా తగ్గదు.

ఖర్చు గురించి భయపడ్డారు. వాల్వ్ మార్పిడి ఆరోగ్యశ్రీలో ఉంది, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఆస్పత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గరికి వెళ్ళి ఎమర్జెన్సీ అని చెప్పండి, అర్జెంట్ కేసులకి ఫోన్ మీదే ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి ఉంది.

టైఫాయిడ్ ఇంజెక్షన్ల విషయం మిమ్మల్ని నొప్పించడానికి కాదు, చదివే వాళ్ళకోసం రాస్తున్నాను. గుండెలో శబ్దం ఉందని తెలిసిన మనిషికి వారం దాటి జ్వరం ఉంటే యాంటీబయాటిక్ ఒక్క డోస్ కూడా పడకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) తీయాలి, వేర్వేరు చోట్ల నుంచి మూడు సార్లు, ప్రతి బాటిల్‌కీ దాదాపు పది మిల్లీలీటర్లు. నాలుగు రోజుల ఇంజెక్షన్ క్రిమిని చంపదు, కల్చర్‌లో దొరక్కుండా మాత్రం చేస్తుంది, అప్పుడు మేం ఏ క్రిమో తెలియకుండా గుడ్డిగా మందులు వాడాలి. మన దగ్గర కల్చర్ నెగటివ్ కేసులు ఇన్ని రావడానికి పెద్ద కారణం ఇదే. టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అనేయడం ఈ జబ్బులో వారాలు తినేస్తుంది. జ్వరానికి వెళ్ళినప్పుడు "నాకు వాల్వ్ ప్రాబ్లం ఉంది" అనే మాట మీ నోటి నుంచే ముందు రావాలి, ఎదుటివాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

ఈ పేజీ ప్రెస్‌కి వెళ్ళే ముందు ఆవిడ మళ్ళీ రాశారు, ప్రచురించమన్నారు కూడా. మామయ్యగారే సంతకం పెట్టారట. వాల్వ్ మార్చారు, గుంత కప్పారు, కానీ కరెంటు తీగ తిరిగి రాలేదు, పదో రోజున పర్మనెంట్ పేస్‌మేకర్ వేశారు, ఇది ఆపరేషన్‌లో తప్పా అని అడిగారు. కాదమ్మా, తీగని చీమే తినేసింది, మిగిలింది కుట్లలో పోయి ఉండొచ్చు, చెడిన కండ తీయకుండా ఆ తీగని కాపాడాలని చూస్తే మనిషి దక్కేవాడు కాదు. జ్వరం లేకుండా అన్నం తింటున్నారని రాశారు చూడండి, ఆ లైన్ రెండుసార్లు చదువుకున్నాను.

ప్రశ్న: సార్, నేను డల్లాస్‌లో ఉంటున్న, మా బాపు కరీంనగర్‌ల ఉంటడు, 66 ఏండ్లు. 2009ల అయోర్టిక్ వాల్వ్ మార్చిండ్రు, లోహం వాల్వ్. ఇప్పుడు ఆ వాల్వ్‌కే ఇన్ఫెక్షన్ వచ్చిందట, హైదరాబాద్‌ల డాక్టర్లు మళ్ల తెరిచి బెంటాల్ చేస్తమంటున్నరు. ఇక్కడ మా ఫ్రెండ్ హోమోగ్రాఫ్ట్ అయితేనే మళ్ల ఇన్ఫెక్షన్ రాదు, అది లేని ఆస్పత్రిల చేయించొద్దు అంటున్నడు. బాపును ఫ్లైట్ ఎక్కించి ఇక్కడికి తెచ్చుకోవాల్నా?

జవాబు: వద్దు బాబూ. అసలు అంత దూరం ఫ్లైట్‌లో కూర్చోబెట్టే పరిస్థితి కాదు మీ నాన్నగారిది.

హోమోగ్రాఫ్ట్ అంటే చనిపోయిన దాత నుంచి తీసి శుభ్రం చేసి గడ్డకట్టించి దాచిన మనిషి వాల్వ్. 1962లో లండన్‌లో డొనాల్డ్ రాస్, ఆక్లాండ్‌లో బ్రయాన్ బారట్ బాయిస్ మొదలుపెట్టారు. చీము పట్టిన కేసుల్లో దానికి నిజంగానే సుగుణాలున్నాయి, మెత్తగా ఉంటుంది, దాంతో పాటు వచ్చే కండ అంచుతో గుంత కప్పేయొచ్చు, అందుకే చాలా ఏళ్ళు అదే మేలు అనుకున్నారు. కానీ తర్వాత పోల్చి చూస్తే తేలిందేంటంటే మళ్ళీ ఇన్ఫెక్షన్ రావడం రాకపోవడం ఏ వాల్వ్ పెట్టారన్నదాని కన్నా చెడిందంతా ఎంత పూర్తిగా తీశారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతోందని. పైగా హోమోగ్రాఫ్ట్ పదిపదిహేనేళ్ళకి సున్నం పట్టి గట్టిపడిపోతుంది, అప్పుడు మళ్ళీ తెరవడం నరకం, సైజ్ దొరకడం కూడా కష్టం. నేనైతే వాల్వ్ బ్రాండ్ కన్నా సర్జన్ చెయ్యి చూస్తాను. "ఇలాంటివి, పాత వాల్వ్ ఇన్ఫెక్షన్ అయినవి, ఎన్ని చేశారు సార్?" అని సూటిగా అడగండి, బాగా చేసేవాళ్ళు ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు.

బెంటాల్ అంటే వాల్వ్, దాన్ని ఆనుకుని ఉన్న పెద్ద నాళం మొదలు రెండూ తీసేసి వాల్వ్ అమర్చిన గుడ్డ ట్యూబ్ పెట్టి గుండెకి రక్తమిచ్చే రెండు చిన్న నాళాలని దానికి మళ్ళీ అతకడం, 1968లో బెంటాల్, డి బోనో అనే ఇద్దరు డాక్టర్లు రాసిన పద్ధతి. పెట్టిన వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ వచ్చిన వాళ్ళలో సగం మందికి పైగా చుట్టూ చీము ఉంటుంది, గట్టు మొత్తం తినేస్తే ఉత్త వాల్వ్ కుట్టడానికి చోటుండదు, మొదలుతో సహా మార్చాల్సిందే. కాబట్టి వాళ్ళు చెప్పింది సబబుగానే ఉంది. మీ నాన్నగారి వయసుకి టిష్యూ వాల్వ్ (జంతువుల కండతో చేసింది) ఉన్న ట్యూబ్ పెట్టమని అడగొచ్చు, మళ్ళీ జీవితాంతం రక్తం పలచబరిచే మందు వాడే బాధ తగ్గొచ్చు. ముందు వాల్వ్ ఏ కంపెనీది, ఏ సైజో డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది, అది వెతికి వాట్సాప్ చెయ్యండి, మీరు అక్కడ ఉండి చెయ్యగలిగిన పనుల్లో అది చాలా విలువైనది. మన దేశంలో చాలామందికి పెట్టిన చిత్ర వాల్వ్ అయితే సర్జన్ చూడగానే గుర్తుపడతారు, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారు చేసి 1990లో మొదటి పేషంట్‌కి పెట్టిన వాల్వ్ అది, తక్కువ ధరకి మన పేదవాళ్ళకి ప్రాణం పోసింది, దాని మీద నాకు వ్యక్తిగతంగా చాలా గౌరవం.

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు, రాజమండ్రి. మా అన్నయ్యకి వాల్వ్ ఇన్ఫెక్షన్, ఆపరేషన్ డేట్ ఇచ్చాక ముందురోజు కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడింది. తలకి స్కాన్ తీసి ఆపరేషన్ ఆపలేదు, అదే వారం చేసేశారు, బాగానే ఉన్నాడు. పక్క బెడ్ అతనికి కూడా ఇలాగే పక్షవాతం వస్తే నెల రోజులు ఆగమన్నారు. ఒకే జబ్బుకి రెండు మాటలేంటి?

జవాబు: రెండూ కరెక్టే. వాల్వ్ మీది ముద్ద ముక్క విరిగి మెదడు నాళంలో ఇరుక్కుంటే రక్తం అందక చెయ్యి పడిపోతుంది, అది మీ అన్నయ్యకి జరిగింది. రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలి, మనిషి కోమాలో లేకపోతే ఆపరేషన్ ఆలస్యం చెయ్యకూడదు, ఎందుకంటే మిగిలిన ముద్ద ఇంకా అక్కడే వేలాడుతోంది. పక్క బెడ్ అతనికి బహుశా మెదడులో రక్తనాళం చిట్లి ఉంటుంది. గుండె మెషిన్ మీద పెట్టాలంటే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ భారీగా ఇవ్వాలి, చిట్లిన మెదడుకి అది విషం, అందుకే గుండె తట్టుకోగలిగితే కనీసం నాలుగు వారాలు ఆగుతాం.

ముద్ద విరగకముందే తీసేయడం మేలన్న దానికి మంచి రుజువు కొరియా నుంచి వచ్చింది. 2012లో వచ్చిన ఆ స్టడీలో 76 మంది, అందరికీ 10 మిల్లీమీటర్లు దాటిన ముద్ద, వాల్వ్ బాగా దెబ్బతింది, సగం మందికి 48 గంటల్లోపే ఆపరేషన్ చేశారు, మిగతావాళ్ళకి మామూలు పద్ధతి. ఆరు వారాల్లో త్వరగా చేసిన వాళ్ళలో ఒక్కరికి కూడా ముక్క విరిగి ఎక్కడా అడ్డుపడలేదు, రెండో గుంపులో ఐదుగురిలో ఒకరికి పైగా అడ్డుపడింది. చిన్న స్టడీనే, చీము పట్టి అర్జెంట్‌గా కోయాల్సిన వాళ్ళని అందులో చేర్చలేదు కూడా, అయినా మా ఆలోచన మార్చింది.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక కూడా ఇంజెక్షన్లు ఇంకా నాలుగు వారాలు అంటున్నారు, చేతులకి నరాలు దొరకట్లేదు. మాత్రలు ఇవ్వకూడదా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొందరికి ఇవ్వొచ్చండీ. 2018లో డెన్మార్క్ డాక్టర్లు 400 మంది మీద చేసిన స్టడీలో, కనీసం పది రోజులు ఇంజెక్షన్లు వాడి నిలకడగా ఉన్నవాళ్ళని మాత్రలకి మార్చినా ఫలితం తగ్గలేదు. కానీ ఆ మాత్రలు క్రిమిని బట్టి, రెండు రకాలు కలిపి, రక్తంలో మోతాదు చూసుకుంటూ ఇచ్చారు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. చీము మిగల్లేదని మళ్ళీ ఎకోలో చూశాకే. తీసిన వాల్వ్‌లో కల్చర్ పాజిటివ్ వస్తే లెక్క ఆపరేషన్ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది, మీకు నాలుగు వారాలు అన్నది బహుశా అందుకే, అడిగి చూడండి. నరాలు దొరక్కపోతే పై చేతిలోంచి పెట్టే పిక్ లైన్ అనే సన్నటి గొట్టం ఉంటుంది, రోజూ గుచ్చే బాధ తప్పుతుంది.

ప్రశ్న: నా వయసు 24, నిరుడు వాల్వ్ మార్చారు, రక్తం పలచబరిచే ఎసిట్రామ్ వాడుతున్నా. వచ్చే నెల నాకు పన్ను తీయించాలి, పెళ్ళి కూడా కుదిరింది. గోంగూర, తోటకూర జన్మలో తినకూడదంటున్నారు, నిజమేనా?

జవాబు: పన్ను కచ్చితంగా తీయించుకోవాలమ్మా, పుచ్చిన పన్ను నోట్లో ఉంచుకోవడం నీకు అన్నిటికన్నా ప్రమాదం. వాల్వ్ మార్చిన వాళ్ళకి పన్ను తీసే అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు ఒక్కసారే ఇస్తారు, పెన్సిలిన్ పడకపోతే వేరేది ఇస్తారు, పళ్ళ డాక్టర్‌కి వాల్వ్ కార్డు ముందే చూపించు. ఎసిట్రామ్ సొంతంగా ఆపేయొద్దు, పన్ను తీసే వారం ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే పరీక్ష) చేయించి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకునేలా చూడు.

ఆకుకూరలు తినొచ్చు. విటమిన్ కె ఎక్కువైతే మందు పని తగ్గుతుంది, అంతేగానీ ఆకుకూర శత్రువు కాదు, వారానికి రెండుసార్లు తినేదానివైతే ఎప్పుడూ రెండుసార్లే తిను, ఒక వారం మానేసి ఇంకో వారం రోజూ మునగాకు పప్పు తిన్నావంటే ఐఎన్ఆర్ ఊగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం పెళ్ళి సంగతి: ఎసిట్రామ్ మీద ఉండగా గర్భం వస్తే మొదటి వారాల్లోనే బిడ్డకి ప్రమాదం, మందు మార్చే ప్లాన్ ముందే ఉండాలి. కాబట్టి పెళ్ళయ్యాక కాదు, పెళ్ళికి ముందే మీ ఇద్దరూ కలిసి కార్డియాలజిస్ట్‌ని ఒకసారి కలవండి, అబ్బాయిని కూడా తీసుకెళ్ళు, అతను ఆ మాటలు నీ పక్కన కూర్చుని వినాలి.